‘వేషధారి’ – ‘నిష్కపటము’ : క్రైస్తవబోధలో రెండు పదముల విచారణ

తెలుగు బైబిలులోని సువార్తలు చదువువారికి ‘వేషధారులారా’ యను సంబోధనము తఱచుగా నెదురగును. మత్తయి, మార్కు, లూకా సువార్తలు మూటను ఈ పదము కలదు. అందు అధికభాగము మత్తయిలోనిదే. యోహాను సువార్తలో నిది లేదు. దీనికి ప్రతిపక్షముగా నిలుచునది తిమోతి పేర నున్న లేఖలలోని ‘నిష్కపటమైన విశ్వాసము’. ఈ రెండు పదముల మూలార్థములను పరిశీలించినచో, క్రైస్తవబోధ కపటభక్తి యను పేర దేనిని నిందించినదో, అంతరంగ విశ్వాసమని దేనిని మన్నించినదో స్పష్టపడగలదు.

‘వేషధారి’కి మూలమైన గ్రీకుపదము ‘హుపొక్రితేస్’. ప్రాచీన గ్రీకుభాషలో నిది రంగస్థల నటునికి పేరు. ‘నిష్కపటము’ అని తెనిగింపబడిన ‘అనుపొక్రితోస్’ దానికే నిషేధరూపము. అనగా మూలమున ‘నిష్కపటమైన విశ్వాసము’ నటన లేని విశ్వాసము. తెలుగున మొదటిపదము వేషమును, రెండవది కపటమును ఆశ్రయించుటచే ఈ పరస్పరసంబంధము మఱుగుపడినది. అయినను ‘వేషధారి’ మిక్కిలి యుచితమైన యనువాదము. వేషము కట్టుట మన యక్షగానములకు, వీథినాటకములకు సంబంధించిన మాట. దొంగసన్యాసిని గూర్చి చెప్పునపుడును ఆ మాటయే వాడుదుము. నటుడు, వంచకుడు అను రెండర్థములకును తెలుగుపదమున చోటు కలదు.

ఇచట నొక హెచ్చరిక యవసరము. యేసు మాటలాడిన భాష అరమాయికు. గ్రీకుపదము సువార్తలు వ్రాసినవారిది. అంతకు పూర్వమే యూదుల గ్రంథముల గ్రీకు అనువాదమున, యోబు గ్రంథమందు, ‘భక్తిహీనుడు’ అను అర్థముగల హెబ్రీపదమునకు ఈ పదము వాడబడినది. కావున నటుడను నర్థ మొక్కదానితోనే ప్రతి ప్రయోగమును వివరింపరాదు.

మత్తయి ఆఱవ అధ్యాయమున మాత్రము రంగస్థలచ్ఛాయ స్ఫుటముగా నున్నది. దానము, ప్రార్థన, ఉపవాసము అను మూడింటిని మనుష్యులకు కనబడవలెనని చేయరాదని యచటి బోధ. ఈ సందర్భమున ‘కనబడుట’కు వాడిన గ్రీకుక్రియయు, నాటకశాలకు పేరైన ‘థియాత్రోన్’ అను పదమును ఏకధాతుజన్యములు. మెప్పుకొఱకు చేయువారు తమ ఫలమును పొందియున్నారని తీర్పు. ఆ తీర్పులోని క్రియాపదమే నాటి రసీదులలో ‘పైకము పూర్తిగా ముట్టినది’ అను నర్థమున కనబడుచున్నదని జర్మను పండితుడు డైస్మన్ 1908లో ప్రకటించిన గ్రంథమున పపైరస్ పత్రముల యాధారముతో వివరించెను. చూపఱుల మెప్పే కోరిన వేతనము, అది ముట్టినది, లెక్క తీఱినది. దేవునియొద్ద రావలసిన బాకీ యేమియు లేదు.

అట్లయిన బాహ్యాచారమంతయు త్యాజ్యమా? కాదు. అదే ప్రసంగమున, అయిదవ అధ్యాయమందు, సత్క్రియలను మనుష్యులు చూచునట్లు వెలుగు ప్రకాశింపనిండని చెప్పబడినది. పైచూపునకు ఈ రెండును విరుద్ధములు. కాని యచట చూచినవారు స్తుతింపవలసినది దేవుని. ఇచట కోరబడునది కర్తకు మెప్పు. భేదము క్రియలో లేదు, ఉద్దేశమున నున్నది. ఇరువదిమూడవ అధ్యాయమున పుదీనా, సోపు, జీలకఱ్ఱలలో పదియవ వంతు చెల్లించువారిని నిందించుచునే, న్యాయమును కనికరమును విడువక దానినిగూడ చేయవలసినదని చెప్పుట యీ యర్థమునే బలపఱచును.

అగస్టీను కొండమీది ప్రసంగమునకు వ్రాసిన వ్యాఖ్యలో, ఆగమెమ్నాను పాత్ర ధరించినవాడు ఆగమెమ్నాను కానట్లే, నీతిమంతుని పాత్ర ధరించినవాడు నీతిమంతుడు కాడని వేషధారిని వివరించెను. ఈ యుపమానమునకు మనము చేర్చుకొనవలసిన దొకటి కలదు. రంగముమీద రాజవేషము వేసినవాడు రాజు కాడని ప్రేక్షకుడెఱుగును; తెరదిగిన పిమ్మట నటుడును ఎఱుగును. కాబట్టి నటుడు వంచకుడు కాడు. మతమున ప్రేక్షకుడు వేషమని యెఱుగడు. కొంతకాలమునకు వేసినవాడును మఱచును. తన కంటిలోని దూలము నెఱుగక పరుని కంటిలోని నలుసును తీయబోవువానిని మత్తయి ‘వేషధారీ’ అని పిలుచుట యిందులకే. అతడు పరులను మోసగించుటకన్న ముందు తన్ను తాను మోసగించుకొన్నవాడు.

లూకా పదునెనిమిదవ అధ్యాయమున దేవాలయమున ప్రార్థించు పరిసయ్యుని కథ ఇంకను సూక్ష్మమైనది. వారమునకు రెండుమాఱులు ఉపవసింతునని, రాబడిలో పదియవ వంతు చెల్లింతునని అతడు చెప్పును. ఆ మాటలు అసత్యములని కథ చెప్పదు. దోషము వానిని ప్రక్కనున్న సుంకరితో పోల్చుకొనుటయందున్నది. సుంకరి కనులెత్తక రొమ్ము కొట్టుకొని కరుణను మాత్రమే యాచించును. నీతిమంతుడుగా ఇంటికి మరలినవాడు అతడే. చేసినది సత్యమైనను విశ్వాసము నటన కాగలదని దీని తాత్పర్యము.

నటనకు మెప్పే కాక భయమును కారణము కాగలదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భుజించుచుండి, యెరూషలేమునుండి యాకోబు పక్షమువారు రాగానే వారికి జంకి వెనుదీసెను. బర్నబాయు ఆ వెంట పోయెను. గలతీయులకు వ్రాసిన లేఖలో పౌలు దీనికి వాడిన పదము ఈ ధాతువునుండి వచ్చినదే. నిందకు పాత్రులైనవారు పరమతస్థులు కారు, సంఘమునకు స్తంభములని యెన్నబడినవారు.

కావున ‘పరిసయ్యుడు’ అను పేరును వేషధారికి పర్యాయముగా వాడుట చరిత్రదృష్ట్యా అన్యాయము. యూదుల తాల్ముదులోనే ఏడు తెగల పరిసయ్యులను లెక్కించి, వారిలో పెక్కుమందిని ఆక్షేపించిన భాగమున్నది. కపటభక్తిని నిందించుట యూదధర్మమున యెషయా ప్రవక్తనాటినుండియు నున్నదే. పెదవుల స్తుతికిని హృదయపు దూరమునకును గల వైరుధ్యమును చెప్పుటకు మత్తయి, మార్కు సువార్తలు ఆ ప్రవక్తనే స్మరించినవి. ఇది యొక మతము వేఱొకమతమును ఖండించుట కాదు. ఒకే సంప్రదాయము తన్ను తాను పరీక్షించుకొనుట.

ఈ పరీక్షయందును వేషమునకు తావు కలదు. ‘నేనా పరిసయ్యునివంటివాడను కాను’ అని సంతసించు పాఠకుడు ఆ పరిసయ్యుని ప్రార్థననే తిరిగి పలుకుచున్నాడు. సుంకరి దైన్యమును నలుగురిలో నభినయించినచో నదియు పాత్రయే. అందుచేతనే సువార్త చిహ్నములు చెప్పక, తలుపు వేసికొని ప్రార్థింపవలసిన గదిని మాత్రము చూపినది. అచట ప్రేక్షకులుండరు, రహస్యమందు చూచు తండ్రి యుండును. అనుపొక్రితోస్ అను పదమునకు ‘నిష్కపటము’ అని చదువునపుడు ‘వేషము లేనిది’ అను మూలార్థమునుగూడ స్ఫురణకు తెచ్చుకొనుట విద్యార్థులకు మేలు. విశ్వాసము నిజమగుటకు అనుష్ఠానమును దాచుట కాదు, ఎవరు చూచుచున్నారని దానిని చేయుదుమో యెఱుగుట ముఖ్యము.