రంగస్థలమునను వెండితెరపైనను రామదాసు: కథయు కీర్తనయు

వాగ్గేయకారుని జీవితమును నాటకముగనో చలనచిత్రముగనో మలచునపుడు రెండు వస్తువులు రంగమెక్కును. ఒకటి ఆతని కథ. రెండవది ఆతని పాట. కథ మారినచో శాసనములను, రాజుల చరిత్రలను చూచి దానిని సరిదిద్దవచ్చును. పాట మారినచో సరిదిద్దుటకు ఆధారమేది? భద్రాచల రామదాసు విషయమున ఈ ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. ఈ వ్యాసమున దానినే విచారింతము.

రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న 17వ శతాబ్ది వాడు. ఆతని స్వగ్రామము నేలకొండపల్లి, నల్లగొండ సీమ తూర్పు అంచునకు చేరువనున్నది. గోలకొండ ప్రభువైన అబుల్ హసన్ తానాషా కాలమున (1672–1687) పాల్వంచ పరగణాకు తహసీల్దారై, వసూలైన శిస్తు ధనముతో భద్రాచల రామునకు ఆలయము నిర్మించి, అందులకై గోలకొండ కోటలో పండ్రెండేండ్లు చెరయందుండెనని సంప్రదాయము చెప్పుచున్నది. మంత్రులైన అక్కన్న మాదన్నలు ఆతనికి మేనమామలందురు. ఆ సోదరులు 1686లో హతులైరి; మరుసటి యేట కోట ఔరంగజేబు వశమయ్యెను. తానాషా ఏలుబడి పదునైదేండ్లే గనుక పండ్రెండేండ్ల చెర అసంభవము కాదు; కాని తక్కిన కథ కంతకును మిగులు కాలము స్వల్పము.

రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీ లను పేర్లతో వచ్చి పైకము చెల్లించి భక్తుని విడిపించిరను గాథ నాటకకర్తలు కల్పించినది కాదు. త్యాగరాజు (1767–1847) తన 'క్షీరసాగర శయన' కృతిలో రామదాసు బంధవిముక్తిని స్మరించినాడు. అనగా ఆధునిక రంగస్థలము పుట్టుటకు ముందే ఈ కథ దక్షిణదేశమున స్థిరపడినదన్నమాట. యక్షగానము, హరికథ దానిని పల్లె పల్లెకు చేర్చినవి. ధర్మవరం గోపాలాచార్యులు దానిని నాటకముగ రచించెను. 1933లోనే అది తెలుగు వాక్చిత్రమయ్యెను. 1964లో చిత్తూరు వి. నాగయ్య స్వీయదర్శకత్వమున రామదాసు పాత్ర ధరించి చిత్రము వెలువరించెను. 2006లో కె. రాఘవేంద్రరావు దర్శకత్వమున నాగార్జున నాయకుడుగా 'శ్రీరామదాసు' వచ్చినది. దానికి సంగీతము ఎం. ఎం. కీరవాణి.

కబీరుదాసు వచ్చి గోపన్నకు మంత్రోపదేశము చేయుట రామదాసు కథలో ప్రసిద్ధ ఘట్టము. 2006 నాటి చిత్రమున ఆ పాత్రను అక్కినేని నాగేశ్వరరావు ధరించెను. కబీరు 15వ శతాబ్ది వాడు. ఇరువురి నడుమ నూరేండ్లకు మించిన అంతరమున్నది. అయినను ఈ ఘట్టము నిరర్థకము కాదు. తురక ప్రభువు చెరలోని రామభక్తునకు, మతభేదమెంచని రామనామోపాసకుడే గురువగుట యందు జనుల సమన్వయబుద్ధి గోచరించుచున్నది. చరిత్ర కాకున్నను అది ఆ కథను చెప్పుకొన్న సమాజమునకు సాక్ష్యము.

రామదాసు కథ నాటకమునకు ఇంత సులభముగ ఒదుగుటకు కారణము కీర్తనలలోనే యున్నది. ఆతడు రాముని స్తుతించుటతో తృప్తినొందక, నిలదీయును, నిష్ఠురమాడును. 'ఇక్ష్వాకు కులతిలక' అను కీర్తనలో స్వామి నగలకైన వ్యయమును పద్దు వ్రాసినట్లు లెక్కించును. ఇట్టి కీర్తన పాత్ర నోట పడినంతనే సంభాషణ యగును. కావున నాటకకర్తలు కీర్తనలను కథాక్రమమున పేర్చి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క సన్నివేశము కల్పించిరి. అయితే ఇందొక చిక్కు గలదు. ఫలానా కీర్తన చెరసాలలో పుట్టినదని కథను బట్టి చెప్పుదుము. కథ నిజమనుటకు మరల ఆ కీర్తననే చూపుదుము. ఇది ఒకదానికొకటి ఆధారమగు వాదము. పరిశోధక విద్యార్థులు దీనియెడ జాగరూకులై యుండవలెను.

ఐరోపాలో రామదాసునకు సమకాలికమైన సంగీతయుగమును, సుమారు 1600 నుండి 1750 వరకు గల దానిని, బరోక్ యుగమందురు. ఆ యుగపు ఇటలీ స్వరకర్త అలెస్సాండ్రో స్ట్రాడెల్లా చరిత్ర మనకిచట ఉపకరించును. ఆతనిని చంపుటకు రోము నగరమునకు వచ్చిన హంతకులు ఆతని సంగీతము విని మనసు కరగి విడిచిపోయిరని ఒక గాథ. జర్మను స్వరకర్త ఫ్లోటో 1844లో ఆ గాథను ఆపెరాగా రంగమెక్కించి సుఖాంతము చేసెను. వాస్తవమున స్ట్రాడెల్లా 1682లో జెనోవా నగరమున హంతకుల చేతనే మరణించెను. పాట ప్రాణము నిలుపుననియు, చెర విడిపించుననియు నమ్మకము రెండు ఖండములందును ఒక్కటే.

పోలిక యిచట ముగియును. స్ట్రాడెల్లా రచనలు స్వరలిపితో కూడిన వ్రాతప్రతులలో నిలిచియున్నవి. ఫ్లోటో ఎంత కల్పించినను స్ట్రాడెల్లా సంగీతమునకు హాని లేదు. 1968లో స్ట్రౌబ్, హుయ్యే దంపతులు బాఖ్ జీవితముపై చిత్రము తీసినపుడు, గుస్టావ్ లెయోన్‌హార్ట్ అను వాద్యకారునకే బాఖ్ పాత్రనిచ్చి, నాటి వాద్యములపై కెమెరా యెదుటనే వాయింపించి ధ్వనిముద్రణము చేసిరి. వ్రాత యుండుటచేతనే అట్టి ప్రయత్నము సాధ్యమైనది.

రామదాసు కీర్తనలకు ఆతని కాలపు స్వరలిపి లేదు. అవి భజన సంప్రదాయమున నోటినుండి నోటికి వచ్చినవి. వాటి మట్టు పాడువారి గొంతులోనే యున్నది. అందుచేత నాటకమునకో చిత్రమునకో క్రొత్త మట్టు కట్టినచో, అది పాత మట్టు ప్రక్కన నిలుచుటతో ఆగదు; ప్రాబల్యము గలదగుటచే దాని స్థానమునే ఆక్రమించును. హార్మోనియము శ్రుతికి నాటక బాణీలు, తదుపరి రేడియో, పిదప సినిమా, ఈ మూడును వరుసగ కీర్తనలపై తమ ముద్ర వేసినవి. 'పలుకే బంగారమాయెనా' మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానమున మిక్కిలి వ్యాప్తినొందినది. 1980 నాటి 'శంకరాభరణం' చిత్రమున మరల లక్షలాది శ్రోతలకు చేరినది. నేడు ఆనందభైరవియే దాని సహజరాగమని ఎల్లరు నెంచుదురు. అది ఏ తరమున స్థిరపడినదో విచారింపదగినది.

ఇందులకు సినిమాను నిందించుట న్యాయము కాదు. భద్రాచలము చూడనివారికిని రామదాసును పరిచయము చేసినది అదియే. దానికి నోచుకొనని వాగ్గేయకారుల స్థితి పాలమూరు సీమలో కాననగును. మన్నెంకొండ హనుమద్దాసు, వేపూరు హనుమద్దాసుల కీర్తనలు భజనలలో నిలిచినవి. కాని వారి పేరు ఆ సీమ దాటి అంతగా వినబడదు. రామదాసునకు కీర్తి కలిగి మట్టుల నిశ్చయము కొరవడినది. వీరికి మట్టులు దక్కినను కీర్తి దక్కలేదు.

కావున కర్తవ్యము స్పష్టము. నల్లగొండ, పాలమూరు గ్రామములలోని వృద్ధ భజనకారుల నుండి ఒకే కీర్తనను పలుచోట్ల ధ్వనిముద్రణము చేయవలెను. పాఠము, రాగచ్ఛాయ, తాళము, నేర్పిన గురువు, ఆ పాటను రేడియోలోగాని సినిమాలోగాని వినుటకు ముందే నేర్చిరా యను విషయము, వీనిని వెంటనే వ్రాసికొనవలెను. పలు గ్రామముల పాఠములు ఏకీభవించి, చిత్రగీతముతో విభేదించినచోట, పూర్వపు మట్టు జాడ దొరకవచ్చును. రామదాసు కథకు గ్రంథములు గలవు. అవి రేపును ఉండును. మట్టులకు ఈ గాయకులే గ్రంథములు. ఒక్కొక్క వృద్ధుని మరణముతో ఒక్కొక్క ప్రతి నశించుచున్నది.