జారుడు ఎక్కడ పెట్టాలి?

ఏటీవీ అని పిలిచే నాలుగు చక్రాల బండి మోటారు సైకిలుకీ ట్రాక్టరుకీ మధ్య రకం. మోటారు సైకిలుకున్నట్టే హ్యాండిలూ సీటూ, కింద లావుపాటి మెత్తటి టైర్లు, ముందూ వెనకా సామాను కట్టుకునే ఇనుప చట్రాలు ఉంటాయి. అమెరికా, కెనడా, న్యూజీలాండ్ దేశాల్లో గొర్రెల మందల వెంట తిరగడానికి, కంచె గుంజలు చేరవేయడానికి, నరికిన దుంగల్ని అడవిలోంచి బయటికి లాగడానికి దీన్ని వాడతారు. పని కోసం కొనేవాళ్ల మధ్య ఎప్పుడూ తెగని వాదం ఒకటుంది: గేర్ల బండి మంచిదా, బెల్టు బండి మంచిదా, నూనె ఒత్తిడితో నడిచేది మంచిదా? కొందరు ఎంత శక్తి వృథా అవుతుందో లెక్క వేస్తారు, కొందరు ఏది ఎక్కువకాలం మన్నుతుందో చూస్తారు. రెండూ చూడవలసినవే కానీ, వాటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆగి ఉన్న బండి కదలాలంటే ఇంజనుకీ చక్రానికీ మధ్య ఎక్కడో ఒకచోట కాసేపు జారుడు తప్పదు. ఏ ట్రాన్స్‌మిషనూ దాన్ని లేకుండా చేయలేదు, ఒక్కో రకం దాన్ని ఒక్కో చోట పెట్టింది. ఆ చోట పుట్టిన వేడిని ఎవరు మోస్తారు, అరిగినప్పుడు దాన్ని ఎవరు విప్పగలరు అన్నదాన్ని బట్టే ఈ బండ్ల మంచిచెడ్డలు తేలతాయని నా వాదన.

లెక్క చిన్నదే. పనిబండి టైరు ఎత్తు సుమారు 25 అంగుళాలు, అంటే ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్లు ముందుకు పోతుంది. బరువు లాగుతూ గంటకు 3 కిలోమీటర్ల వేగంతో పాకుతున్నప్పుడు నిమిషానికి పోయేది 50 మీటర్లు, చక్రం తిరిగేది 25 చుట్లు. ఒంటి సిలిండరు పెట్రోలు ఇంజను మాత్రం నిమిషానికి 1,500 చుట్లకు బాగా తగ్గితే దడదడలాడి ఆగిపోతుంది. ఈ రెంటికీ మధ్య తేడా అరవై రెట్లు. గేర్లతో అంత తేడానూ పూడ్చవచ్చు గానీ, చక్రం పూర్తిగా ఆగి ఉన్న క్షణంలో తేడా అరవయ్యో వందో కాదు, దానికి అంతే లేదు. ఆ క్షణంలో ఇంజను తిరుగుతుంటే చక్రం తిరగదు. రెంటినీ కలిపేది ఏదైనా అది రాసుకోక తప్పదు. ఇంజను 6 కిలోవాట్ల శక్తి ఇస్తున్నప్పుడు అవతలి వైపు సగం వేగంతోనే తిరుగుతుంటే, 3 కిలోవాట్లు అక్కడికక్కడే వేడిగా మారతాయి. బకెట్లో నీళ్లు కాచుకునే 1,500 వాట్ల హీటర్లు రెండు కలిపి అరచేతంత చోట పెట్టినట్టు. రోడ్డు మీద పోయే కారు ఈ దశను రెండు మూడు సెకన్లలో దాటేస్తుంది. పొలంలో తిరిగే బండికి రోజంతా ఇదే పని: ఆగడం, కదలడం, బురదలో దిగబడటం, మళ్లీ కదలడం.

హోండా ఈ జారుడును నూనెలో పెట్టింది. 1958లో వచ్చిన సూపర్ కబ్ మోటారు సైకిలులో చేతికి క్లచ్ లివరే లేదు. ఇంజను వేగం పెరిగేకొద్దీ తిరిగే బరువులు వెలుపలికి ఒరిగి క్లచ్‌ను వాటంతట అవే పట్టించేవి. 1970లో అమెరికాలో అమ్మకానికి పెట్టిన మూడు చక్రాల ఏటీసీ 90కీ ఆ వారసత్వమే వచ్చింది. ఏటీవీలు జనంలోకి వెళ్లింది ఆ బండితోనే. మూడు చక్రాల బండ్లు తేలిగ్గా బోల్తా పడుతుండటంతో 1988లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కొత్తవాటి అమ్మకం ఆగిపోయింది. అప్పటికే నాలుగు చక్రాలవి వాటి చోటు ఆక్రమించాయి. నాలుగు చక్రాలకూ శక్తి అందే హోండా 350 బండి 1986లో వచ్చింది. కాలితో గేరు మార్చడం, క్లచ్ దానంతటదే పట్టుకోవడం, ఆ రాపిడి అంతా ఇంజను నూనెలో మునిగి జరగడం: ఇదీ ఆ పద్ధతి. నూనె వేడిని లాక్కుపోతుంది కాబట్టి క్లచ్ ఏళ్ల తరబడి మన్నుతుంది, నీళ్లూ బురదా దాని దరికి రావు. దీని లోటు గేర్లు మెట్లు మెట్లుగా ఉండటమే. బురదలో రెండో గేరు బరువై, మొదటి గేరు మరీ నెమ్మదైతే మధ్యలో మరో దారి లేదు. గేరు మార్చే అర సెకను సేపు చక్రాలకు శక్తి అందదు, ఆ కాస్తలోనే బండి కూరుకుపోతుంది. 1998లో హోండా బొటనవేలితో నొక్కే మీటలు పెట్టి గేరు మార్చడాన్ని సులువు చేసింది గానీ, మెట్లు మెట్లుగానే ఉండిపోయాయి.

మెట్లు లేకుండా చేసే ఉపాయం ఏటీవీ కంటే ఎంతో పాతది. ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ పట్నంలో మిల్టన్ రీవ్స్ 1879లో కోతమిల్లు రంపాల వేగాన్ని అదుపులో పెట్టడానికి వెడల్పు మార్చుకునే కప్పీ తయారుచేశాడు. ఒక్కో కప్పీకి ఎదురెదురుగా శంకువుల్లా రెండు పళ్లేలుంటాయి. దగ్గరికి జరిపితే బెల్టు అంచువైపు ఎక్కుతుంది, దూరం జరిపితే ఇరుసువైపు దిగుతుంది. దీన్ని కార్లలోకి పెద్ద ఎత్తున తెచ్చినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన హుబ్ వాన్ డోర్న్. 1958 నాటి డాఫ్ 600 కారు రెండు రబ్బరు బెల్టులతో నడిచేది. వెనక్కి పోవడానికీ ముందుకు పోవడానికీ నిష్పత్తులు ఒకటే కావడంతో ముందుకు ఎంత వేగమో వెనక్కీ అంతే వేగం; ఆ కార్లతో డచ్చివాళ్లు వెనక్కి నడిపే పందేలు కూడా పెట్టారు! అదే బెల్టు ఉత్తర అమెరికాలో మంచుబండ్లకు బాగా కుదిరింది. మిన్నెసోటాలోని రోజో పట్నంలో మంచుబండ్లు చేసే పొలారిస్ కంపెనీ 1985లో ట్రైల్ బాస్ పేరుతో ఏటీవీ తెచ్చినప్పుడు తనకు చేయి తిరిగిన ఆ బెల్టునే పెట్టింది. ఇంజను వైపు కప్పీలో తిరిగే బరువులు పళ్లేలను దగ్గరికి తోస్తాయి. చక్రం వైపు కప్పీలో స్ప్రింగూ, మెలితిరిగిన వాలూ ఉంటాయి. చక్రానికి బరువు తగిలితే ఆ వాలు పళ్లేలను బిగించి బెల్టును పైకి లాగుతుంది. ఒక్క సెన్సారు గానీ వైరు గానీ లేకుండానే నిష్పత్తి మారిపోతుంది. ఇంత తక్కువ భాగాలతో ఇంత తెలివి చూపే యంత్రాలు చాలా అరుదు.

మరి జారుడు ఎక్కడుంది? ఇక్కడే బెల్టు బండ్లన్నిటినీ ఒకే గాటన కట్టడం పొరపాటవుతుంది. పొలారిస్ పద్ధతిలో బెల్టే క్లచ్. ఇంజను నింపాదిగా తిరుగుతున్నప్పుడు బెల్టు వదులుగా ఉంటుంది, వేగం పెంచితే పళ్లేలు దాన్ని ఒరుసుకుంటూ పట్టుకుంటాయి. అంటే రాపిడి వేడి అంతా రబ్బరు మీదే పడుతుంది. రబ్బరు వేడిని తొందరగా వదలదు, చుట్టూ ఉన్నది గాలే. మంచులో ఆ గాలి గడ్డకట్టే చలిలో ఉంటుంది, బండి కూడా వేగంగా పోతుంది. వేసవి పొలంలో ఈ రెండూ ఉండవు. చక్రాలు ఇరుక్కుపోయి ఉన్నా ఎక్సిలరేటరు నొక్కుతూనే ఉంటే కప్పీ బెల్టును ఒకేచోట రుద్దుతుంది, ఆ చోట బెల్టు నడుము సన్నబడి కొద్దిరోజుల్లో తెగుతుంది. బరువు లాగేటప్పుడు తప్పకుండా లో గేరు వెయ్యమని చెప్పేది ఇందుకే: వెనకున్న గేర్లు ఎంత ఎక్కువ భారం తీసుకుంటే బెల్టు అంత తక్కువసేపు జారుతుంది. యమహా తన అల్ట్రామాటిక్ అనే బెల్టు పద్ధతిలో దీన్నే వేరుగా చేసింది. బెల్టు ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది, జారే పని నూనెలో మునిగిన ప్రత్యేకమైన క్లచ్‌కు అప్పజెప్పింది. మన ఊళ్లలో స్కూటర్లదీ ఇదే వంశం. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా, 2001 నుంచి రోడ్లు నింపేసిన యాక్టివా, రెండూ బెల్టు బండ్లే. అయితే వాటిలో రాసుకునేది బెల్టు కాదు, వెనక కప్పీ దగ్గరున్న క్లచ్ షూలు. స్కూటరు బెల్టు వేల కిలోమీటర్లు నిశ్చింతగా నడుస్తుంటే బరువు లాగే ఏటీవీ బెల్టు అంతకంటే ముందే కాలిపోవడానికి లోడు తేడా ఎంత కారణమో, జారుడు ఉన్న చోటూ అంతే కారణం.

మూడో దారి జారుడును పూర్తిగా ద్రవానికే అప్పగించింది. ఇటలీకి చెందిన బదాలినీ అనే అతను రూపొందించిన హైడ్రాలిక్ పద్ధతిని హోండా 1962లోనే జూనో స్కూటరులో వాడింది, అది మార్కెట్లో నిలవలేదు. దాదాపు నలభై ఏళ్ల తరువాత 2001 మోడల్ రూబికాన్ ఏటీవీలో ఆ ఆలోచనే మళ్లీ వచ్చింది. వాలు పళ్లెం మీద తిరిగే పిస్టన్లు నూనెను తోస్తాయి, మరో వరుస పిస్టన్లు ఆ ఒత్తిడిని తిరుగుడుగా మారుస్తాయి. పళ్లెం వాలు మార్చితే నిష్పత్తి మారుతుంది; జారుడంటే ఇక్కడ సందుల్లోంచి కారే నూనే, అది చల్లబడి మళ్లీ వస్తుంది. 2003 నాటి హోండా రింకాన్ ఏటీవీలో కార్ల మాదిరి టార్క్ కన్వర్టరు పెట్టారు, అందులోనూ వేడెక్కేది నూనే. గోదావరి, కృష్ణా డెల్టాల తడి వరిచేలలో తిరిగే వరికోత చైన్ మిషన్ల నడక కూడా ఎక్కువగా హైడ్రోస్టాటిక్ పద్ధతిలోనే. బురదలో అంగుళం అంగుళంగా ముందుకూ వెనక్కూ జరిగే పనికి దీనికి సాటి లేదు. అయితే పిస్టన్ల మధ్య సందులు చాలా సన్నం. నూనెలో ఇసుక చేరితే వాటిని బాగుచేయడం ఊరి మెకానిక్ పని కాదు, ఖర్చూ ఎక్కువే.

శక్తి నష్టం మాటేమిటని అడగవచ్చు. జత పళ్ల గేర్లలో నష్టం నూటికి ఒకటి రెండు పాళ్లే, రబ్బరు బెల్టులో పది పాళ్లు దాటుతుంది, హైడ్రాలిక్‌లో అంతకన్నా ఎక్కువే కావచ్చు. ఇది నిజమే, రోజూ కంకర రోడ్డు మీద ఒకే వేగంతో దూరం పోయేవాళ్లు గేర్ల బండి కొనడమే మేలు. కానీ ఆ లెక్క క్లచ్ పూర్తిగా పట్టుకున్న తరువాత వేసినది. ఆగుతూ కదులుతూ సాగే పనిలో గేర్ల బండి కూడా అడుగడుగునా హాఫ్ క్లచ్ మీదే నడుస్తుంది, అప్పుడు దాని నష్టం ఎక్కడా అంకెల్లో కనిపించదు. మన్నిక గురించిన అభ్యంతరానికి బలం ఇంకా ఎక్కువ. గేరు పళ్లు బండి ఉన్నంతకాలం ఉంటాయి, బెల్టు తెగుతుంది. అయినా సీటు కింద ఒక బెల్టూ రెండు పానాలూ పెట్టుకున్న రైతు మూత విప్పి పొలంలోనే మార్చుకోగలడు. నూనెలోని క్లచ్ ప్లేట్లు కాలితే నూనె తీసి ఇంజను పక్కమూత ఊడదీయాలి. ఊరికి యాభై మైళ్ల దూరంలో ఉన్నవాడికి తరచూ పాడై చేతికందే భాగం, అరుదుగా పాడై చేతికందని భాగం కంటే నయం కావచ్చు. ఏరు దాటేటప్పుడు బెల్టు పెట్టెలోకి నీళ్లు పోతే పట్టు పోతుందన్నదీ వాస్తవమే. ఎత్తున గాలి గొట్టాలు పెట్టింది అందుకే, వాటి ఎత్తు దాటి ఏట్లోకి దిగకూడదు.

ఒక్క చోట మాత్రం గేర్లవాళ్ల మాటే నెగ్గుతుంది, అది దిగుడు. వెనక రెండొందల కిలోల బరువుతో ఏటవాలు దిగుతున్నప్పుడు జారుడు కాదు, విడిపోని బంధం కావాలి. బెల్టే క్లచ్‌గా ఉన్న పాత బండ్లలో ఎక్సిలరేటరు వదలగానే బెల్టు వదులయ్యేది, ఇంజను పట్టు పోయేది, బండి తన బరువుతోనే దొర్లేది. బ్రేకులు ఒక్కటే దిక్కు. యమహా ఒకే వైపు తిరిగే క్లచ్ చేర్చి ఈ లోటును పూడ్చింది, తరువాత మిగతావాళ్లూ ఏదో ఒక రూపంలో అదే దారి పట్టారు. కొండ ప్రాంతంలో పాత బెల్టు బండి కొనేవాళ్లు ధర కంటే ముందు అడగాల్సింది ఇదే.

2015 మోడల్‌కు వచ్చేసరికి రూబికాన్ నుంచి హోండా ఆ హైడ్రాలిక్ యంత్రాన్ని తీసేసి, నూనెలో తిరిగే జంట క్లచ్‌లతో మళ్లీ గేర్లకే వచ్చింది. ఒక క్లచ్ వదులుతుండగానే రెండోది పట్టుకుంటుంది కాబట్టి మార్పులో శక్తి తెగదు, కంప్యూటరే గేరు ఎంచుతుంది. మెట్లు ఇప్పటికీ ఉన్నాయి గానీ వాటి మధ్య ఆగడం లేదు. పొలారిస్ పెట్రోలు బండ్లలో బెల్టును వదలకుండానే 2021 డిసెంబరులో పక్కపక్కన కూర్చుని నడిపే రేంజర్ బండికి విద్యుత్తు రూపం చూపించింది. ఎలక్ట్రిక్ మోటారు చుట్టు తిరగకముందే పూర్తి బలం ఇస్తుంది కాబట్టి దానికి క్లచ్ అక్కర్లేదు, జారుడూ అక్కర్లేదు. అయినా చక్రం ఇరుక్కున్నప్పుడు మోటారు ఎదుటి బరువును తోస్తూ అక్కడే నిలిచి ఉంటుంది, కరెంటు మాత్రం పారుతూనే ఉంటుంది, తీగ చుట్లూ కంట్రోలరూ వేడెక్కుతాయి. హద్దు దాటితే కంట్రోలరే శక్తి తగ్గించేస్తుంది. ఎక్సిలరేటరు పూర్తిగా నొక్కి ఉన్నా బండి బలహీనపడిందంటే అర్థం అదే. చల్లబడేదాకా ఆగి, కాస్త బరువు దించి మళ్లీ లాగాలి.