లోపము చెప్పినవాడు నేరస్థుడా?

పూతలపట్టు మండలమున ఉపాధిహామీ పనికి బోయిన కూలి తన పేరును, ఆధార్ సంఖ్యను, బ్యాంకు ఖాతా సంఖ్యను సర్కారునకు ఒప్పగించెను. అవి ఎచ్చటనో యొక డేటాబేసు సర్వరునందు చేరినవి. ఆ సర్వరునకు తాళము వేసిరో లేదో అతడెరుగడు. ఎరుగగలవారు సర్వరులను పరీక్షించు విద్య నేర్చిన కొందరే. ఆ విద్యను నలుగురికి జెప్పుట దొంగలకు దారి చూపుట యని తలంచువారు కలరు. వారి వాదము మాకు సమ్మతము కాదు.

2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పక్షమున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి గారలు ఒక నివేదికను ప్రకటించిరి. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధార్ సంఖ్యలు ఎల్లరకు గానవచ్చుచుండెనని అందు జూపిరి. వానిలో రెండు మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువే: ఒకటి ఉపాధిహామీ చెల్లింపులది, రెండవది చంద్రన్న బీమాది. పింఛనులకు సంబంధించిన కేంద్ర వెబ్‌సైటునందైతే, చిరునామాలోని ‘నోలాగిన్’ అను మాటను ‘లాగిన్’ అని మార్చిన చాలును, తలుపు తెరచుకొనెడిది. దీనిని తాళమనుట తాళమునకే అవమానము! అయినను ఆధార్ ప్రాధికార సంస్థ ఆ కేంద్రమునకు లేఖ వ్రాసి, అక్రమ ప్రవేశము లేనిదే అట్టి సమాచారము లభింపదని ఆక్షేపించెను. మరుసటి సంవత్సరము ఏప్రిలులో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటునందు 1.34 లక్షలమంది లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, కులమతములతో గూడ, బట్టబయలై యుండెను. దానిని కనిపెట్టి చెప్పినవారును కొడాలి గారే.

విద్యను దాచిన దొంగతనము ఆగునా? మాంగోడీబీ యను డేటాబేసు యొక్క పూర్వపు కూర్పులు కొన్ని, పాస్‌వర్డు లేకయే, ఇంటర్నెట్టునకెల్ల తెరచియుండునట్లు స్థాపింపబడుచుండెడివి. నిపుణులు ఏండ్ల తరబడి హెచ్చరించుచునే యుండిరి. 2017 జనవరిలో దుండగులు 27017 సంఖ్యగల పోర్టును వెదకికొనుచు బోయి, వేలకొలది సర్వరులలోని సమాచారమును తుడిచివేసి, తిరిగి యిచ్చుటకు సొమ్ము అడిగిరి. దొంగలకు ఆ విద్య ముందే తెలియును. తెలియక నిద్రించినవారు యజమానులే. ఆ యేటి చివర వెలువడిన 3.6 కూర్పునుండి మాత్రమే అన్ని విధముల స్థాపనలకును తలుపు మూసి యిచ్చుట మొదలయ్యెను.

అట్లని హద్దులు లేవని మేమనము. పోర్టు తెరచియున్నదని గుర్తించుట వేరు, లోపలికి బోయి జనుల పేర్లను దింపుకొనుట వేరు. విధానమును ఎల్లరకు నేర్పవచ్చును. ఫలానా కార్యాలయపు సర్వరు లోపమును మాత్రము మొదట ఆ కార్యాలయమునకే తెలిపి గడువీయవలెను. గడువు తీరినను వారు కదలకున్న, కూలివాని వివరములను మరుగుపరచి, లోపమును పత్రికలలో చాటవలెను.

చట్టము ఇచ్చట చెప్పినవానికి తోడు రాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టపు 66వ సెక్షను క్రింద శిక్షించుటకు దురుద్దేశము ఋజువు కావలెను గాని, 43వ సెక్షను అనుమతిలేని ప్రవేశమునకు నష్టపరిహారము విధించునపుడు సదుద్దేశమును మినహాయింపుగా పేర్కొనలేదు. పార్లమెంటు ఆ మినహాయింపును స్పష్టముగా చేర్చవలెను.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున, సమాచారము బయటపడినచో సంబంధించిన ప్రతివ్యక్తికి దెలుపవలెనని వ్రాయబడియున్నది. పూతలపట్టు కూలికి ఆ కబురు ఇంగ్లీషు నోటీసుగా గాక, పంచాయతీ కార్యాలయమున తెలుగులో, నోటిమాటగా అందవలెను.