తనను తానే పట్టిచ్చే వాయువు

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కాని పరారుణ కాంతి ముందు దాని దాపరికం సాగదు. గాలిలో అధికభాగమైన నైట్రోజన్, ఆక్సిజన్ ఆ కాంతిని తాకకుండా వదిలేస్తే, ఇది మాత్రం 4.6 మైక్రాన్ల దగ్గర కొన్ని సన్నని గీతల్లో దాన్ని మింగేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ కూడా ఆ ఇరుగుపొరుగులోనే కాంతిని మింగుతుంటాయి. ఎవరు ఎంత మింగారో తేల్చడం ఎలా? 1938లో జర్మనీలోని ఐజీ ఫార్బెన్ సంస్థలో కార్ల్ లుఫ్ట్ దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది: దొంగను పట్టడానికి దొంగనే కాపలా పెట్టాడు. పట్టకం, గ్రేటింగ్ ఏవీ లేకుండా, గ్రాహకం గదులను కార్బన్ మోనాక్సైడ్‌తోనే నింపాడు. ఆ వాయువు తనకు పనికొచ్చే కాంతిని మాత్రమే మింగి వేడెక్కుతుంది, తక్కినది దానికి అక్కరలేదు. రెండు గదుల మధ్య పలుచని లోహపు పొర. ఒక గదికి నమూనా గుండా వచ్చిన కాంతి, రెండోదానికి నైట్రోజన్ గుండా వచ్చిన కాంతి చేరుతాయి. నమూనాలో ఈ వాయువు ఉంటే మొదటి గదికి కాంతి తగ్గుతుంది, వేడీ పీడనమూ తగ్గుతాయి, పొర అటు వంగుతుంది. ఆ వంపే కొలత.

తర్వాత వచ్చిన గ్యాస్ ఫిల్టర్ కోరిలేషన్ యంత్రాలు ఇదే ఉపాయాన్ని తిరిగే చక్రంలోకి ఎక్కించాయి. చక్రంలో ఒక గదిలో కార్బన్ మోనాక్సైడ్, మరో గదిలో నైట్రోజన్. మొదటి గది అడ్డొచ్చినప్పుడు ఆ వాయువుకు చెందిన గీతలన్నీ ముందే ఖాళీ అవుతాయి కనుక నమూనాలో అది ఉన్నా లేకున్నా వచ్చే కాంతి మారదు. రెండో గది అడ్డొచ్చినప్పుడు మారుతుంది. రెండింటి నిష్పత్తే ఫలితం. దీపం ముసలిదైనా, అద్దాలు మసకబారినా రెండు సంకేతాలూ ఒకే పాళ్లలో తగ్గుతాయి, నిష్పత్తి చెక్కుచెదరదు. గొప్ప సుగుణమే, కాని మరమ్మతు చేసేవాడికి ఇదే ఉచ్చు. తెర మీద అంకె బాగున్నంతకాలం లోపల కాంతి తగ్గిపోతున్న సంగతి తెలియదు. అందుకే నిష్పత్తి కంటే ముందు విడివిడి సంకేతాలను చూడాలి. శుద్ధమైన గాలి పంపినప్పుడు రెండూ కలిసి పడిపోతే అనుమానం దీపం మీద, అద్దాల మీద. నిష్పత్తే కదిలితే చక్రంలోని వాయువు కారిపోతోందేమో చూడాలి.

అన్నింటికీ జీరో (ఈ వాయువు లేని గాలికి సున్నా చూపేలా), స్పాన్ (సిలిండర్‌లోని తెలిసిన మోతాదు వాయువుకు ఆ అంకే చూపేలా) సరిచేస్తే సరిపోదా అంటారు. సరిపోదనే నా వాదన. నమూనా దారిలోని దుమ్ము ఫిల్టర్ పూడుకుపోయిందనుకుందాం. పంపు లాగుతున్న కొద్దీ కొలత గదిలో పీడనం తగ్గుతుంది, కాంతి దారిలో అణువుల సంఖ్య తగ్గుతుంది, అంకె తక్కువ చూపుతుంది. స్పాన్ పెంచి దాన్ని సర్దేస్తే ఆ రోజుకు అంతా సవ్యమే. కొత్త ఫిల్టర్ వేసిన మర్నాటి నుంచి యంత్రం ఎక్కువ చూపుతుంది. ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పడమే జరిగింది. కొత్త యంత్రాలు పీడనాన్ని అవే కొలుచుకుని సవరించుకుంటాయి కదా అనవచ్చు. నిజమే, కాని ఆ సెన్సరూ కాలం గడిచేకొద్దీ దారి తప్పేదే. పైగా నమూనా తెచ్చే గొట్టంలో చిల్లి పడి బయటిగాలి కలుస్తుంటే ఏ సవరణా దాన్ని పసిగట్టదు. సిలిండర్ వాయువును నేరుగా యంత్రం వెనుక ద్వారానికి కలిపి పరీక్షిస్తే చిల్లి ఉన్న గొట్టం అసలు పరీక్షలోకే రాదు, ధ్రువపత్రం మాత్రం చేతికి వస్తుంది. వాహనాల పొగ కొలిచే చోట దీన్ని పట్టడం కొంత తేలిక. ఇంధనం, గాలి సరైన పాళ్లలో మండే పెట్రోలు ఇంజన్ పొగలో కార్బన్ డయాక్సైడ్ 14, 15 శాతం దాకా ఉంటుంది. అది బాగా తగ్గి, ఆక్సిజన్ పెరిగి కనిపిస్తే పొగలో గాలి కలిసిందన్నమాట. సైలెన్సర్‌కే కన్నం పడి ఉండవచ్చు కూడా, కాబట్టి రెండూ చూడాలి.

జీరోకూ ఇలాంటి మెలికే ఉంది. సిలిండర్‌లోని నైట్రోజన్ పూర్తిగా పొడిగా ఉంటుంది. శ్రావణమాసపు విశాఖపట్నం గాలి అలా ఉండదు. పొడి వాయువుతో పెట్టిన సున్నా తడిగాలిలో సున్నా కాకపోవచ్చు, ఆ తేడాను కార్బన్ మోనాక్సైడ్ ఖాతాలో రాసుకుంటాం. బయటిగాలినే వేడిచేసిన ఉత్ప్రేరకం మీదుగా పంపితే కార్బన్ మోనాక్సైడ్ డయాక్సైడ్‌గా మారిపోతుంది, తేమ తేమగానే ఉంటుంది. సున్నా పెట్టడానికి అదే న్యాయమైన గాలి. స్పాన్ సిలిండర్ కూడా అల్యూమినియందైతే మేలు. ఉక్కు సిలిండర్‌లో ఎక్కువ పీడనం కింద ఈ వాయువు ఇనుముతో కలిసి కార్బొనిల్‌గా మారగలదు.

కనుక స్పాన్ మీటను ఆఖరున ముట్టుకోండి. సిలిండర్ వాయువును నమూనా గొట్టం కొస నుంచి, ఒక T ఆకారపు గొట్టం ముక్క పెట్టి, మిగులు బయటికి పోయేలా పంపండి. ఒత్తిడితో పంపితే చిల్లి లోంచి వాయువు బయటికి పోతుందే తప్ప గాలి లోపలికి రాదు, లోపం దాగిపోతుంది. గొట్టం కొస నుంచి వచ్చిన అంకె, వెనుక ద్వారం నుంచి వచ్చిన అంకె కలవకపోతే యంత్రాన్ని వదిలేసి ముందు గొట్టంలో చిల్లి కోసం వెతకండి.