హీటర్ గాలి ఎంత వేడి? గది ఎంత వెచ్చన?

కోల్‌కతాలో జనవరి నెల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 14 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. ఢిల్లీతోనో, మన్యంలోని లంబసింగితోనో పోలిస్తే ఇది పెద్ద చలి కాదు. అయినా హుగ్లీ నది చేరువలో, ఖిదిర్‌పూర్ రేవుల పక్కనే ఉన్న వాట్‌గంజ్ వంటి ప్రాంతాల్లో శీతకాలపు రాత్రులు వృద్ధులను, పసిపిల్లలను ఇబ్బంది పెడుతూనే ఉంటాయి. ఈ నగరంలో ఇళ్లు కట్టేది వేసవి ఉక్కను దృష్టిలో పెట్టుకొనే. చలిని ఆపే ఏర్పాట్లు వాటిలో అరుదు. రేవు పనుల కోసం, జనపనార మిల్లుల్లో ఉపాధి కోసం ఉత్తరాంధ్ర నుంచి తరతరాలుగా ఈ నగరానికి వచ్చిన కుటుంబాలకూ ఈ అనుభవం కొత్త కాదు.

సమశీతోష్ణ, శీతల ప్రాంతాల్లో చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీల ఉష్ణోగ్రత ఉండటం ఆరోగ్యానికి మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. ఆ నాలుగైదు డిగ్రీల లోటును పూడ్చడానికి కొందరు కరెంటు హీటరు కొంటారు, కొందరు ఏసీని వేడి వైపు తిప్పుతారు, మరికొందరు బొగ్గుల కుంపటి వెలిగిస్తారు. వీటిలో ఏది బాగా పనిచేస్తుందో తేల్చుకోవడానికి చాలామంది చేసే పరీక్ష ఒక్కటే: సాధనం ముందు చేయి పెట్టి చూడటం. ఆ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది.

ఒకే వేడి, వేర్వేరు గాలులు

సాధనం నుంచి వెలువడే గాలి ఉష్ణోగ్రత రెండు అంశాలపై ఆధారపడుతుంది. ఒకటి, ఆ సాధనం ఇచ్చే వేడి. రెండు, ఆ వేడిని పంచుకునే గాలి పరిమాణం. 2,000 వాట్ల ఫ్యాన్ హీటరు గంటకు 100 ఘనపు మీటర్ల గాలిని నెడితే, 16 డిగ్రీల వద్ద లోపలికి వెళ్లిన గాలి సుమారు 76 డిగ్రీలతో బయటికి వస్తుంది. అదే హీటరు రెట్టింపు గాలిని నెడితే 46 డిగ్రీలతోనే వస్తుంది. చేతికి తగిలే సెగలో ఇంత తేడా ఉన్నా, గదికి అందే వేడి మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒక్కటే. విద్యుత్ ఖర్చూ ఒక్కటే, గంటకు రెండు యూనిట్లు.

వేడి గాలి, చల్లగాలి రెండూ ఇచ్చే ఏసీని హీట్ పంప్ అంటారు. అది వేడిని కొత్తగా పుట్టించదు. బయటి గాలిలో ఉన్న వేడిని గ్రహించి లోపలికి చేరవేస్తుంది. ఒక టన్ను సామర్థ్యమున్న యంత్రం దాదాపు 3,500 వాట్ల వేడిని గంటకు 500 ఘనపు మీటర్ల గాలికి పంచితే, గాలి ఉష్ణోగ్రత 21 డిగ్రీలే పెరుగుతుంది. అంటే వెలువడే గాలి 37 డిగ్రీల వద్ద ఉంటుంది. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 33 డిగ్రీలు కాబట్టి, వేగంగా వీచే ఈ గాలి గోరువెచ్చగా మాత్రమే తోస్తుంది. అయినా అది గదికి అందించే వేడి ఫ్యాన్ హీటరు కంటే ఎక్కువ. పైగా కోల్‌కతా వంటి తేలికపాటి చలిలో హీట్ పంప్ ఒక యూనిట్ విద్యుత్తుతో దాదాపు మూడు యూనిట్ల వేడిని అందించగలదు. అమెరికాలో 50 నుంచి 60 డిగ్రీల గాలినిచ్చే గ్యాస్ ఫర్నేస్‌కు అలవాటు పడి హీట్ పంప్‌కు మారినవారికి ‘చల్లగాలి వస్తోంది’ అనిపించడానికి కారణం ఇదే.

హాలోజన్ హీటర్ల తీరు వేరు. ఎర్రగా వెలిగే కడ్డీ నుంచి వేడి కిరణాల రూపంలో నేరుగా మనిషిని చేరుతుంది. చలికాలపు ఎండ లాంటిదే ఇది. ఎదురుగా కూర్చున్నవారికి వెంటనే హాయినిస్తుంది. పక్కకు జరిగినా, స్విచ్ ఆపినా అంతే త్వరగా చలి తెలుస్తుంది. నూనె నింపిన హీటర్లకు సాధారణంగా ఫ్యాన్ ఉండదు. రెక్కలను తాకిన గాలి నెమ్మదిగా పైకి లేచి గదంతా తిరుగుతుంది. అవి వేడెక్కడానికి సమయం పట్టినా, ఆపిన తర్వాత కూడా కొంతసేపు వెచ్చదనాన్ని నిలుపుతాయి.

గాలి వేరు, గోడలు వేరు

పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో ఉండే గాలి బరువు 34 కిలోలు మాత్రమే. దాన్ని అయిదు డిగ్రీలు వేడెక్కించడానికి 2,000 వాట్ల హీటరుకు లెక్క ప్రకారం నిమిషంన్నర చాలు. ఆచరణలో గంట గడిచినా గది పూర్తిగా వెచ్చబడదు. ఇటుక గోడలు, గచ్చు, మంచం, బీరువా ఆ వేడిని తాగేస్తూ ఉంటాయి. తలుపు సందుల నుంచి, పగుళ్ల నుంచి వెచ్చని గాలి జారిపోతూ, చల్లగాలి లోపలికి వస్తూ ఉంటుంది. కాబట్టి మరింత వేడి గాలి ఇచ్చే హీటరు కొనడం కంటే, కిటికీ సందులకు గుడ్డ కుక్కడం, మందపాటి పరదా వేయడం, గచ్చు మీద చాప పరచడం ఎక్కువ ఫలితమిస్తాయి.

కరెంటు హీటరు గదిలోని ఆక్సిజన్‌ను తినేస్తుందన్నది అపోహ. అందులో ఏదీ మండదు. గాలి వెచ్చబడినప్పుడు సాపేక్ష ఆర్ద్రత తగ్గడం మాత్రం నిజం. 14 డిగ్రీల వద్ద 80 శాతం ఉన్న ఆర్ద్రత, అదే గాలిని 24 డిగ్రీలకు వేడి చేస్తే దాదాపు సగానికి పడిపోతుంది. గొంతు ఆరిపోయినట్లు అనిపించడానికి కారణం అదే.

కుంపటి విషయంలో లెక్క తలకిందులు

కరెంటు హీటరుకు మేలు చేసే మూసిన తలుపే కుంపటి దగ్గర ప్రాణాంతకమవుతుంది. బొగ్గు మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. పొగ తగ్గి నిప్పులు కణకణలాడుతున్న దశలోనే చాలామంది కుంపటిని గదిలోకి తెచ్చుకుంటారు. పొగ లేకపోతే ప్రమాదం లేదనుకుంటారు. కానీ ఆ నిప్పుల నుంచీ విషవాయువు వస్తూనే ఉంటుంది. తలనొప్పి, వికారం, మగత దీని తొలి లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి ఇవేవీ తెలియవు. కొందరు ఇక లేవరు. ఇళ్లలో శుద్ధి చేయని బొగ్గును వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 నాటి మార్గదర్శకాల్లోనే సూచించింది.

ఏది ఎవరికి?

పక్క మీద ఉన్న ఒక్క వృద్ధురాలికి కాసేపు వెచ్చదనం కావాలంటే, దుప్పట్లకు తగలనంత దూరంలో ఉంచిన హాలోజన్ హీటరు సరిపోతుంది. రాత్రంతా నిలకడగా వెచ్చదనం కావాలంటే థర్మోస్టాట్ ఉన్న నూనె హీటరు అనుకూలం. వేడి సదుపాయమున్న ఏసీ ఇంట్లో ఇప్పటికే ఉంటే, విద్యుత్ ఖర్చు దృష్ట్యా అదే లాభదాయకం.

2,000 వాట్ల హీటరు 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్టే వాడాలి. సెల్‌ఫోను ఛార్జరు, టీవీ పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే తీగలు వేడెక్కి మంటలు రేగవచ్చు. పాత వైరింగ్ ఉన్న ఇళ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

కుంపటి తప్ప మరో దారి లేని ఇళ్లలో దాన్ని ఆరుబయట వెలిగించి, అక్కడే చలి కాచుకోవాలి. పడుకునే ముందు నిప్పులపై నీళ్లు చల్లి పూర్తిగా ఆర్పాలి. దాన్ని గదిలోకి తీసుకురాకూడదు.