పది చందాలకు రెండు ఫొటోలు

"కవర్ మీద ఆ రెండు ఫొటోలూ పక్కపక్కనే పడాలి. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి" అన్నారు మా ఎడిటర్. అమెరికాలో ఆదివాసీ పిల్లల్ని బోర్డింగ్ బడుల్లో పెట్టి ఏం చేశారో రాయమని నాకు పని అప్పగించారు.

ఆ ఫొటోలు మీరూ ఎక్కడో చూసే ఉంటారు. పెన్సిల్వేనియాలో కార్లైల్ బడికి వచ్చిన నవాహో తెగ యువకుడు టామ్ టోర్లినోవి. మొదటిది 1882 నాటిది. వదిలేసిన పొడుగు జుట్టు, చెవులకు పెద్ద పోగులు, మెడలో హారం, భుజాల మీద దుప్పటి. రెండోది 1885లో తీశారు. క్రాపు, కోటు, టై. ఒంటి రంగు కూడా తేలిపోయింది! మూడేళ్ల చదువుకి ఎవరి రంగూ మారదు. అది స్టూడియో వెలుతురు చేసిన మాయ అంటారు పరిశోధకులు.

'ముందు–తర్వాత' ఫొటోలంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. తలనూనె ప్రకటనలు చూసి చూసి వచ్చిన అనుమానం. అందుకే ఫొటోల్ని వదిలేసి, వాటిని ఎవరు పంచారో వెతికాను. కార్లైల్ కాగితాలెన్నో డికిన్సన్ కాలేజీ వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టారు. వాటిలో దొరికింది 'ఇండియన్ హెల్పర్'. 1885లో ఆ బడి మొదలుపెట్టిన చిన్న వారపత్రిక, ఏడాది చందా 10 సెంట్లు. అందులో ఒక ప్రకటన: పదిమంది కొత్త చందాదారుల్ని చేర్పిస్తే రెండు ఫొటోలు బహుమతి. నవాహో ఒకడు వచ్చినప్పుడు ఎలా ఉన్నాడో, ఇప్పుడెలా ఉన్నాడో చూడవచ్చు. ఒక్కో ఫొటో విలువ 20 సెంట్లు.

పేరు లేదు, ధర ఉంది.

పదిమంది చందా కలిపితే డాలరు. అందులో 40 సెంట్ల సరుకు తిరిగిచ్చేస్తున్నారు. పత్రికలో పనిచేసేవాణ్ణి కాబట్టి ఈ లెక్క నాకు చప్పున అర్థమైంది. చందా కడితే క్యాలెండరు ఉచితమని మనమూ వేసుకున్నవాళ్లమే.

ఆ పత్రికలో ఇంకో వింత ఉంది. దీన్ని అచ్చువేసేది ఇండియన్ కుర్రాళ్లే, సంపాదకుడు మాత్రం ఇండియన్ 'కాదు' అని వాళ్లే చెప్పుకున్నారు. ఆ 'కాదు' పెద్దక్షరాల్లో! (ఇండియన్లంటే మనం కాదు, కొలంబస్ పొరపాటుగా పిలిచినవాళ్లు.) సంపాదకుడి పేరు 'బ్యాండ్‌స్టాండ్ మీది మనిషి'. బడి ఆవరణలోని బ్యాండు మండపం మీద నిలబడి పిల్లలు చేసేవన్నీ చూస్తున్నానని రాసేవాడు. ఆ ముసుగు వెనక ఉన్నది అచ్చుశాల చూసుకునే మారియానా బర్జెస్ అనే ఆవిడ. తమ మీద నిఘా రాతల్నీ, తమవాడి ఫొటో ప్రకటననీ ఒక్కో సీసపు అక్షరం ఏరి పేర్చింది పని నేర్చుకుంటున్న ఆ పిల్లలే. రెండు రాత్రులు నేను ఆ సంచికల్లోంచి బయటికి రాలేకపోయాను.

చరిత్ర కూడా కావాలి గనక గబగబా చెప్పేస్తాను. ఫ్లోరిడాలో ఆదివాసీ ఖైదీలకు కాపలా కాసిన సైనికాధికారి రిచర్డ్ హెన్రీ ప్రాట్, పాత సైనిక బారకాసుల్లో 1879లో కార్లైల్ బడి పెట్టాడు. మనిషిని బతికించాలంటే అతనిలోని ఇండియన్‌ని చంపాలన్నది ఆయన సిద్ధాంతం. 1918లో మూతపడేలోగా 7,800 మందికి పైగా పిల్లలు వచ్చారు. 1819–1969 మధ్య ఇలాంటి ప్రభుత్వ బడులు 417 అనీ, వాటిలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారనీ 2024లో అమెరికా ప్రభుత్వమే లెక్క తేల్చింది. ఆ అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు బైడెన్ క్షమాపణ చెప్పారు. కార్లైల్ శ్మశానం నుంచి పిల్లల అస్థికల్ని సొంత తెగలకు అప్పగించడం 2017లో మొదలైంది.

ఆ బహుమతిలో మూడో ఫొటో లేదు. ఇంటికి తిరిగొచ్చిన కొడుకు తన మాట మర్చిపోయి ఉంటే తల్లి మొహం ఎలా ఉందో ఎవరూ తీయలేదు. సొంత భాష మాట్లాడి దెబ్బలు తిన్న ఆడపిల్లలు ఎందరో తల్లులయ్యాక, తమకు పడ్డ దెబ్బలు పిల్లలకు పడకూడదని ఆ భాషను ఇంట్లోనూ దాచేశారు. దాంతో మనవలకు జోలపాటలే అందలేదు. ఆ బడుల లెక్కలు తీయించిన అప్పటి మంత్రి డెబ్ హాలండ్ ముత్తాత కార్లైల్ విద్యార్థి. ఆమె అమ్మమ్మనీ తాతనీ ఎనిమిదేళ్లప్పుడే ఇళ్లనుంచి తీసుకెళ్లిపోయారు. ఆ బడుల్ని నడిపిన శాఖకే ఆమె మంత్రి అయ్యారు.

కర్రతో చూపిన పేరు
1879లో కార్లైల్‌కి వచ్చిన మొదటి జట్టులో ఓటా క్టే అనే లకోటా కుర్రాడున్నాడు. బోర్డు మీద పేర్లు రాసి, కర్ర చేతికిచ్చి, ఒకటి చూపించమన్నారు. చదవడం రాదు గనక ఏదో గీతల్ని చూపించాడు. ఆ రోజునుంచి లూథర్ అయ్యాడు. తర్వాత పెద్ద రచయితయి, ఆ సంగతి తనే రాశాడు.

మార్లవాయి
మన గిరిజన ఆశ్రమ పాఠశాలలు కార్లైల్ కావు. పిల్లల్ని అమ్మానాన్నలే తెచ్చి దింపుతారు, పండక్కి ఇంటికి తీసుకెళ్తారు. అయినా ఇంట్లో గోండీ, బడిలో తెలుగు అయితే ఆ పిల్లవాడి తిప్పలు తప్పవు. 1943లోనే నిజాం ప్రభుత్వ హయాంలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు టీచర్లను తయారుచేసి, గోండీలో వాచకాలు రాయించాడు. అవి ఇప్పుడు ఏ బడి సంచిలో ఉన్నాయో అధికారులు చెప్పాలి.

ఇక కవర్ సంగతి. ఆ రెండూ పక్కపక్కన వేస్తే ఆ ప్రకటనే మనమూ మళ్లీ వేసినట్టు కదా అని గురువారం మధ్యాహ్నం దాకా వాదించాను. "రెండోది చూపించకపోతే పాఠకుడికి ఏం తెలుస్తుందయ్యా?" అన్నారు ఎడిటర్. అదీ నిజమే. చివరికి కవర్ మీద మొదటిదొక్కటే పేరుతో సహా వేశాం. రెండోది లోపలి పేజీలో, తపాలా బిళ్లంత, పక్కనే ధరతో: 20 సెంట్లు.