సరిసంఖ్యల కాంతి

లేజర్ కాంతిని ఎంత బలహీనపరిచినా దాని గణాంకం మారదు. వరసగా నల్లద్దాలు అడ్డుపెట్టి, ఒక్కో పల్సులో సగటున ఒక్క ఫోటానే మిగిలేలా చేసినా, ఫోటాన్లు పెంకుల మీద తొలకరి చినుకుల్లా ఒకదానికొకటి సంబంధం లేకుండా పడతాయి. సగటు ఎంతో విస్తృతీ అంతే. దీన్నే పాయిజాన్ విభాజనం అంటారు. కటకాలు, దర్పణాలు, కాంతిని రెండుగా చీల్చే అద్దాలు ఎన్ని పేర్చినా లేజర్ కాంతికి ఇదే గతి. ఈ లెక్క మారాలంటే కాంతి దాటివెళ్లే పదార్థం అరేఖీయంగా స్పందించాలి.

టొరంటోలోని జనాడు సంస్థ 2022లో ప్రకటించిన బొరియాలిస్ అనే క్వాంటం కంప్యూటర్‌కు మూలం ఈ అరేఖీయ స్పందనే. పొటాషియం టైటనిల్ ఫాస్ఫేట్ స్ఫటికంలోకి బలమైన లేజర్ పల్సులు పంపితే, అప్పుడప్పుడు ఒక ఫోటాన్ అంతరించి, దాని శక్తిని చెరిసగం పంచుకున్న రెండు ఫోటాన్లు పుడతాయి. అలా వచ్చేదే స్క్వీజ్డ్ కాంతి. పుట్టుక ఎప్పుడూ జంటల్లోనే కనుక, ఆదర్శ స్థితిలో సున్న, రెండు, నాలుగు వస్తాయే గానీ ఒకటి, మూడు రావు. సగటు ఒకటైనప్పుడు లేజర్ విస్తృతి ఒకటి, ఈ కాంతిది నాలుగు. ఇందులో వింతేముంది, మిణుకుమనే దీపానికీ విస్తృతి ఎక్కువే కదా అనవచ్చు. విస్తృతి ఒక్కటే సాక్ష్యమైతే ఆ ఆక్షేపణకు జవాబుండదు. కానీ దీపం ఎలా మిణుకుమన్నా, దాని కాంతి రకరకాల సగటులున్న పాయిజాన్ల మిశ్రమమే; రెండేసి దొరికే చోట ఒంటివీ తప్పక దొరుకుతాయి. బేసిసంఖ్యల్ని తుడిచిపెట్టడం ఏ మిశ్రమానికీ చేతకాదు. కాంతి క్వాంటం స్వభావానికి ఇంత తేటైన రుజువులు, నా దృష్టిలో, తక్కువే. 1985లో బెల్ ల్యాబ్స్‌లో సోడియం పరమాణువులతో స్క్వీజ్డ్ కాంతిని తొలిసారి చూసినవారు మాత్రం కొలిచింది తరంగంలో రొద తగ్గడాన్ని; ఒకేసారి వచ్చిన ఫోటాన్లను లెక్కపెట్టగల డిటెక్టర్లు ఆ తర్వాత వచ్చాయి.

బొరియాలిస్ 216 స్క్వీజ్డ్ కాంతి పల్సులను ఫైబర్ చుట్టల్లో ఆపి, కలిపి, ఫోటాన్లను లెక్కించింది. అలాంటి ఒక్కో లెక్కింపు నమూనాకు 36 మైక్రోసెకన్లు చాలాయి; సూపర్ కంప్యూటర్‌కైతే 9,000 ఏళ్లకు పైగా పడుతుందని రూపకర్తల అంచనా. ఆ అంచనా నిలవలేదు. ఈ తరహా ప్రయోగాలను మామూలు కంప్యూటర్లతోనే అనుకరించే పద్ధతిని చాంఘున్ ఓ బృందం 2024లో ప్రచురించింది. వారికి దారిచ్చింది నష్టమే: జంటలో ఒక ఫోటాన్ దారిలో పోతే బేసిసంఖ్య మళ్లీ తలెత్తుతుంది, కాంతి దీపపు గణాంకం వైపు జారుతుంది. అలాగని స్ఫటికం వల్ల ఒరిగిందేమీ లేదనడం తొందరపాటు. జంటలు చెదిరినకొద్దీ అనుకరణ సులువవుతోందంటే, కష్టానికి మూలం ఆ జంటల్లోనే ఉందన్నమాట. 2025లో 13 కిలోమీటర్ల ఫైబర్‌తో అరోరా యంత్రాన్ని చూపిన జనాడు కూడా, తన ముందున్న పెద్ద పని ఫోటాన్ల నష్టాన్ని తగ్గించడమేనని చెప్పింది.